ఏ ఎక్స్‌పోనెంట్ కావాలి? సి భాషలో ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యల మీద ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

ఈ పూట మాట్లాడబోయేది చూడటానికి చిన్న విషయమే. చేతిలో ఒక డబుల్ ఉంది, అంటే సి భాషలో 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్య. దాని ఎక్స్‌పోనెంట్, అంటే 2 మీద వేసే ఘాతం, కావాలి. బిట్లతో కాస్త పరిచయం ఉన్నవాళ్లని అడిగితే "52 స్థానాలు కుడికి జరుపు, 2047తో యాండ్ చెయ్యి, 1023 తీసెయ్యి" అని ఒక్క ఊపిరిలో చెప్పేస్తారు. అందులో తప్పేం లేదు. కాకపోతే ఈ మూడు పనులూ పొల్లుపోకుండా చేసిన ప్రోగ్రాముకి సున్నా ఇచ్చి చూడండి, -1023 అంటుంది. అనంతం ఇస్తే 1024 అంటుంది. డబుల్‌లో పట్టే అతి చిన్న ధన సంఖ్య 2^-1074 ఇచ్చినా మళ్లీ -1023 అనే అంటుంది. మూడింటికీ జవాబు వచ్చేసింది, ఎక్కడా ఎర్రర్ లేదు. ప్రోగ్రాం తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటుంది. బయటపడేది ఏ ఆర్నెల్లకో, ఇంకెక్కడో లెక్క తేడా వచ్చినప్పుడు.

అందుకని కోడు కంటే ముందు రెండు ప్రశ్నలు తేల్చుకోవాలి. ఎక్స్‌పోనెంట్ అంటే మీ పనికి సరిగ్గా ఏ సంఖ్య? సున్నా, సబ్‌నార్మల్ (సున్నాకి అతి దగ్గరగా ఉండే చిన్న సంఖ్య), అనంతం, నాన్ (సంఖ్య కానిది), ఈ నాలుగింటి దగ్గర మీకు ఏ జవాబు రావాలి? ఇవి తేలితే కోడు పది లైన్లు దాటదు.

ముందు 6.5 ని విప్పి చూద్దాం. బైనరీలో అది 110.1. చుక్కని రెండు స్థానాలు ఎడమకి జరిపితే 1.101 అవుతుంది, దాన్ని 2^2 తో గుణించాలి. ఐట్రిపుల్‌ఈ 754 ప్రమాణం ప్రకారం డబుల్‌లో 64 బిట్లు. పైన ఒక సైన్ బిట్, దాని కింద 11 బిట్ల ఎక్స్‌పోనెంట్ ఫీల్డు, అడుగున 52 బిట్ల ఫ్రాక్షన్. చుక్కకి ఎడమ పక్కనున్న 1 ని బిట్లలో అసలు రాయరు, అది దాగి ఉన్నట్టే లెక్క. నార్మల్ సంఖ్యలన్నిటికీ అది ఉండి తీరుతుంది కాబట్టి దానికోసం ఒక బిట్టు ఖర్చు పెట్టడం దండగ. ఎక్స్‌పోనెంట్ 2 ని కూడా ఉన్నదున్నట్టు రాయరు, 1023 కలిపి 1025 అని రాస్తారు. ఇలా కలిపే సంఖ్యనే బయాస్ అంటారు. 1025 అంటే హెక్స్‌లో 401. ఫ్రాక్షన్ 101, ఆపైన అన్నీ సున్నాలే, అంటే మొదటి హెక్స్ అంకె ఏ. మొత్తం చూస్తే 401ఏ, దాని వెనక పన్నెండు సున్నాలు. ఇదే 6.5 ఫ్లోట్‌లో, అంటే 32 బిట్ల సంఖ్యలో, ఉంటే ఫీల్డు 8 బిట్లు, బయాస్ 127, కాబట్టి లోపల 129 ఉంటుంది. హెక్స్‌లో 40డి, వెనక అయిదు సున్నాలు. ఇవాళ ఇంటికెళ్లి ఈ రెండూ ప్రింట్ చేసి చూసుకోండి. ఈ బొమ్మ కంటికి అలవాటైతే సగం పని అయినట్టే.

బయాస్ ఎందుకు, మామూలు పూర్ణాంకాల్లాగా టూస్ కాంప్లిమెంట్‌లో రాయొచ్చుగా అని అడుగుతారు. టూస్ కాంప్లిమెంట్‌లో రుణ సంఖ్యల పై బిట్టు 1. అలా రాస్తే 0.5 బిట్లు 8.0 బిట్ల కంటే పెద్ద పూర్ణాంకంలా కనిపిస్తాయి. బయాస్ కలిపితే రెండు ధన సంఖ్యల్లో ఏది పెద్దదో వాటి బిట్లని పూర్ణాంకాలుగా పోల్చినా తెలిసిపోతుంది. 1985లో వచ్చిన ఈ ప్రమాణం వెనక ముఖ్యుడు విలియం కాహన్. ఆయనకి 1989లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ప్రమాణం బయటికి రాకముందే, 1980లో ఇంటెల్ 8087 చిప్పులో దాదాపు ఇదే పద్ధతి అమల్లోకి వచ్చేసింది. ఎక్స్‌పోనెంట్‌నీ మిగతా భాగాన్నీ విడదీసే ఎఫ్ఎక్స్‌ట్రాక్ట్ అనే ఇన్‌స్ట్రక్షన్ అప్పుడే ఆ చిప్పులో ఉంది. అంటే మనం ఇవాళ చెప్పుకుంటున్న అవసరం కొత్తదేమీ కాదు.

ఇప్పుడు అసలు చిక్కు. 6.5 కి ఎక్స్‌పోనెంట్ ఎంత? ఫీల్డులో రాసి ఉన్నది 1025. బయాస్ తీసేస్తే 2. కానీ సి లైబ్రరీలో అందరికన్నా పాత ఫంక్షన్ ఫ్రెక్స్‌ప్‌ని అడిగితే 3 అంటుంది. ఎందుకంటే అది సంఖ్యని 0.5 కి తగ్గకుండా, 1 కంటే తక్కువగా ఉండే భాగంగా విడగొడుతుంది: 0.8125 ని 2^3 తో గుణిస్తే 6.5. ఐలాగ్‌బి, లాగ్‌బి ఫంక్షన్లు మాత్రం 1 కి తగ్గకుండా, 2 కంటే తక్కువగా ఉండే భాగాన్ని లెక్కలోకి తీసుకుని 2 అంటాయి. ఒక అపార్ట్‌మెంటులో గ్రౌండ్ ఫ్లోర్‌ని సున్నా అని, పక్క అపార్ట్‌మెంటులో ఒకటి అని లెక్కపెట్టినట్టు. ఎవరి లెక్క వాళ్లకి సరైనదే, రెండు లెక్కలూ ఒకే ప్రోగ్రాములో కలిపితేనే కొంప మునిగేది.

ఆ కలపడం తెలియకుండానే జరిగిపోతుంది. ఫ్లోట్ హెడర్‌లో డబుల్ ఎక్స్‌పోనెంట్ హద్దులు చెప్పే పేర్లు రెండున్నాయి: డీబీఎల్ మ్యాక్స్ ఎక్స్‌ప్ విలువ 1024, డీబీఎల్ మిన్ ఎక్స్‌ప్ విలువ -1021. ఈ రెండూ ఫ్రెక్స్‌ప్ లెక్కలో ఉన్నాయి. ప్రమాణం లెక్కలో అవే 1023, -1022. ఐలాగ్‌బి ఇచ్చిన సంఖ్యని తెచ్చి డీబీఎల్ మిన్ ఎక్స్‌ప్‌తో పోల్చి "ఇది సబ్‌నార్మల్" అని తేల్చే కోడు రాస్తే, సరిగ్గా -1022 దగ్గరున్న నార్మల్ సంఖ్యలన్నీ సబ్‌నార్మల్ ఖాతాలో పడతాయి. ఒక్క అంకె తేడా.

లైబ్రరీ ఫంక్షన్లతోనే పని అయిపోతుంటే బిట్ల జోలికి వెళ్లనక్కర్లేదు. వాటి గుణగణాలు మాత్రం తెలియాలి. ఫ్రెక్స్‌ప్‌కి సున్నా ఇస్తే భాగం సున్నా, ఎక్స్‌పోనెంట్ సున్నా. అనంతమో నాన్‌నో ఇస్తే ఇచ్చిన విలువే తిరిగొస్తుంది, ఎక్స్‌పోనెంట్ మాత్రం ఏమవుతుందో సి భాష ప్రమాణం చెప్పదు. చెప్పకపోవడం ఉత్తమాట కాదు: మసల్ అనే సి లైబ్రరీ అప్పుడు మీరిచ్చిన వేరియబుల్‌ని అసలు తాకనే తాకదు. మీరు దానికి తొలి విలువ పెట్టకుండా వదిలేస్తే స్టాక్‌లో ఏ చెత్త ఉంటే అదే ఎక్స్‌పోనెంట్. ఇంకో సంగతి, ఒకే ప్రింట్ఎఫ్ లైనులో ఫ్రెక్స్‌ప్‌ని పిలిచి, పక్కనే ఆ ఎక్స్‌పోనెంట్ వేరియబుల్‌ని కూడా ఇవ్వకండి. ఆర్గ్యుమెంట్లలో ఏది ముందు లెక్కగట్టాలో భాష చెప్పదు కాబట్టి పాత విలువ ప్రింటవ్వచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే ఎక్కువగా బోల్తా పడతారు.

ఐలాగ్‌బి సి99లో, అంటే 1999 నాటి సి ప్రమాణంలో, వచ్చింది. సబ్‌నార్మల్‌కి కూడా నిజమైన ఎక్స్‌పోనెంట్ ఇస్తుంది, 2^-1074 కి -1074 అనే అంటుంది. దీనిలో జాగ్రత్త పడాల్సింది సున్నా దగ్గర. సున్నాకి వచ్చే ప్రత్యేక విలువ ఇంట్ మిన్ (ఇంట్‌లో పట్టే అతి చిన్న విలువ) కావచ్చు, లేదా మైనస్ ఇంట్ మ్యాక్స్ (అతి పెద్ద విలువకి మైనస్) కావచ్చు. నాన్‌కి ఇంట్ మ్యాక్స్ కావచ్చు, ఇంట్ మిన్ కావచ్చు. రెండింటికీ ఒకటే విలువ పెట్టుకునే స్వేచ్ఛ కూడా లైబ్రరీకి ఉంది. ఎక్స్86 ప్రాసెసర్ల మీద, లైనక్స్‌లో మామూలుగా వాడే సి లైబ్రరీ జీలిబ్‌సీ చేసేది అదే, సున్నాకీ నాన్‌కీ రెండింటికీ ఇంట్ మిన్. తిరిగొచ్చిన సంఖ్యని బట్టి అది సున్నానో నాన్‌నో చెప్పలేరు. పైగా ఆ ఇంట్ మిన్ లోంచి ఎవరైనా 52 తీసేస్తే సైన్డ్ ఓవర్‌ఫ్లో, అంటే సి భాషలో నిర్వచనం లేని ప్రవర్తన. అందుకే ముందు ఎఫ్‌పీ క్లాసిఫై పిలిచి, రకం తేల్చుకుని, ఆ తర్వాతే ఐలాగ్‌బి పిలవండి.

లాగ్‌బి కూడా అదే లెక్క, కానీ జవాబు డబుల్‌గా ఇస్తుంది. సున్నాకి మైనస్ అనంతం, అనంతానికి ప్లస్ అనంతం, నాన్‌కి నాన్. కాబట్టి అంచులు కలిసిపోవు. ఈ మూడింట్లో నాకు లాగ్‌బి కాస్త నిజాయితీగా అనిపిస్తుంది, ఎందుకో గానీ వాడేవాళ్లు తక్కువ. ఇంకో చిన్న తేడా ఉంది. ఫ్రెక్స్‌ప్ ఎప్పుడూ 2 ఆధారంగానే లెక్కిస్తుంది, లాగ్‌బి, ఐలాగ్‌బి మాత్రం ఆ యంత్రం వాడే ఆధారాన్ని పట్టి లెక్కిస్తాయి. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ పాత పద్ధతిలో ఆ ఆధారం 16. మనలో చాలామందికి ఆ అవసరం రాదు కాబట్టి అక్కడితో వదిలేద్దాం.

ఇంకో దారి ఉంది, చూడటానికి గణితంలా కనిపిస్తుంది కాబట్టి చాలామంది అటే వెళ్తారు: లాగ్2 తీసి ఫ్లోర్ చెయ్యడం. దీన్ని కాస్త దగ్గర్నించి చూద్దాం. 8 కి సరిగ్గా కిందనున్న డబుల్ తీసుకోండి. అది 8 లోంచి 2^-50 తీసేసిన సంఖ్య. 8 కంటే తక్కువ కాబట్టి ఎక్స్‌పోనెంట్ 2. దాని అసలు లాగ్2 విలువ 3 కంటే దాదాపు 1.6 × 10^-16 తక్కువ. కానీ 3 కి కిందనున్న డబుల్ 4.4 × 10^-16 దూరంలో ఉంది. మన జవాబు ఆ దూరంలో సగానికి కూడా రాలేదు, కాబట్టి గుండ్రం చేసేసరికి సరిగ్గా 3 అయిపోతుంది. ఫ్లోర్ చేస్తే 3. తప్పు. లాగ్2 ఫంక్షన్‌లో దోషమేం లేదని గమనించండి, అంతకంటే మంచి జవాబు ఇవ్వడం దానికి సాధ్యం కాదు.

సరదా ఏమిటంటే ఇదే ప్రయోగం 2 కి కిందనున్న డబుల్‌తో చేస్తే సరైన జవాబే వస్తుంది, 4 తో చేసినా వస్తుంది. 8 దగ్గర మొదటిసారి తప్పుతుంది. అంటే చిన్న సంఖ్యలతో పరీక్షించి "బాగానే ఉంది" అనుకున్నవాళ్లు పప్పులో కాలేసినట్టే. సంఖ్య పెద్దదయ్యేకొద్దీ ఇంకా దిగజారుతుంది. 2^1000 కి కిందనున్న డబుళ్లలో వరసగా సుమారు 350 దాకా తప్పు జవాబే ఇస్తాయి. కాబట్టి ఎక్స్‌పోనెంట్ కోసం లాగ్2 వద్దు.

ఇక బిట్ల దారి. మొదటి అడుగు డబుల్‌లోని బిట్లని 64 బిట్ల అన్‌సైన్డ్ పూర్ణాంకంలోకి తేవడం. కాస్ట్ చేస్తే రాదు, 6.5 ని కాస్ట్ చేస్తే 6 వస్తుంది, అది విలువ మారడం, బిట్లు రావడం కాదు. రెండో ఆలోచన పాయింటర్‌ని కాస్ట్ చేసి చదవడం. పాత పుస్తకాల నిండా ఇదే ఉంటుంది, అది స్ట్రిక్ట్ ఏలియసింగ్ నియమానికి విరుద్ధం. డబుల్‌గా రాసిన చోటుని 64 బిట్ల పూర్ణాంకపు పాయింటర్‌తో ఎవరూ చదవరని కంపైలర్ నమ్ముతుంది. ఆ నమ్మకం మీద, డబుల్‌ని మెమరీలో రాయడం కంటే ముందే పూర్ణాంకంగా చదివెయ్యొచ్చు. ఆప్టిమైజేషన్ లేకుండా బాగా నడిచిన కోడు జీసీసీలో మైనస్ ఓ2 పెట్టగానే పాత విలువ చూపించడం ఇందుకే. లైనక్స్ కెర్నెల్‌ని ఈ నమ్మకాన్ని ఆపేసే ఫ్లాగుతోనే కంపైల్ చేస్తారు, మీ ప్రాజెక్టులో ఆ ఫ్లాగు ఉంటుందని లెక్కపెట్టుకోకండి.

సరైన దారి మెమ్‌కాపీ. డబుల్ చిరునామా నుంచి 8 బైట్లు పూర్ణాంకంలోకి కాపీ. "ఒక్క సంఖ్యకి ఫంక్షన్ కాలా" అని కంగారు పడకండి, ఆప్టిమైజేషన్ ఉంటే అక్కడ కాల్ ఉండదు. ఎక్స్86-64 మీద అది రిజిస్టరు నుంచి రిజిస్టరుకి ఒక్క మూవ్‌క్యూ. ఆర్మ్ 64 మీద ఎఫ్‌మూవ్ ఒకటి, ఆ తర్వాత షిఫ్టూ మాస్కూ కలిపి యూబీఎఫ్ఎక్స్ అనే ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌లో అయిపోతాయి. యూనియన్ వాడినా సి భాషలో చెల్లుతుంది, సి++లో చెల్లదు. హెడర్ ఫైలు రెండు భాషల్లోనూ వాడేదైతే మెమ్‌కాపీయే క్షేమం. బిట్‌ఫీల్డులతో స్ట్రక్చర్ కట్టి చదవడం చూడటానికి అందంగా ఉంటుంది, కానీ బిట్‌ఫీల్డులు ఏ చివర నుంచి నింపాలో కంపైలర్ ఇష్టం. నేనైతే దాని దగ్గరికి కూడా పోను.

రెండో అడుగు 52 స్థానాలు జరిపి 2047తో, అంటే హెక్స్ 7ఎఫ్ఎఫ్‌తో, యాండ్ చెయ్యడం. యాండ్ మర్చిపోతే ధన సంఖ్యలకి ఏ తేడా తెలియదు. -8.0 ఇవ్వండి. ఫీల్డు 1026, దానికి పైనున్న సైన్ బిట్ 2048 గా కలిసి 3074 అవుతుంది, 1023 తీసేస్తే 2051. డబుల్‌లో అలాంటి ఎక్స్‌పోనెంట్ ఉండనే ఉండదు. ఇంత పెద్ద సంఖ్య కనిపించిందంటే మాస్కు లేదని వెంటనే అర్థం చేసుకోవచ్చు.

మూడో అడుగులో ఫీల్డు విలువని బట్టి దారులు చీలతాయి. 1 నుంచి 2046 దాకా ఉంటే నార్మల్, 1023 తీసెయ్యండి. 2047 అయితే ఫ్రాక్షన్ చూడండి, సున్నా అయితే అనంతం, కాకపోతే నాన్. ఫీల్డు సున్నా అయి ఫ్రాక్షన్ కూడా సున్నా అయితే సంఖ్య సున్నా, ప్లస్సో మైనస్సో. ఫీల్డు సున్నా అయి ఫ్రాక్షన్‌లో ఏదైనా ఉంటే సబ్‌నార్మల్.

సబ్‌నార్మల్ దగ్గర ఆగుదాం. ఫీల్డు సున్నా కదా, ఎక్స్‌పోనెంట్ -1023 అనుకోవడం సహజం. కాదు. ఇక్కడ దాగి ఉన్న 1 ఉండదు, 0 చుక్క ఫ్రాక్షన్ అని చదవాలి, గుణించాల్సింది 2^-1022 తో. ఫీల్డు 1 ఉన్నప్పుడు ఏ ఘాతమో, 0 ఉన్నప్పుడూ అదే ఘాతం. అలా పెట్టబట్టే అతి చిన్న నార్మల్‌కీ, అతి పెద్ద సబ్‌నార్మల్‌కీ మధ్య ఖాళీ రాకుండా సంఖ్యలు సమాన దూరంలో సున్నా దాకా దిగుతాయి. ఫ్రాక్షన్‌లోని అడుగు బిట్టు విలువ 2^-1074. కాబట్టి ఫ్రాక్షన్‌లో అన్నిటికన్నా పైనున్న 1 ఎక్కడుందో కనుక్కుని, ఆ స్థానంలోంచి 1074 తీసేస్తే నిజమైన ఎక్స్‌పోనెంట్. జీసీసీ, క్లాంగ్‌లో ఎడమ వైపు సున్నాలు లెక్కపెట్టే సీఎల్‌జెడ్ బిల్టిన్ ఉంది. 63 లోంచి ఆ లెక్క తీసేస్తే స్థానం వస్తుంది. అడుగు బిట్టు ఒక్కటే వెలిగి ఉంటే 63 సున్నాలు, స్థానం 0, ఎక్స్‌పోనెంట్ -1074. పై బిట్టు వెలిగి ఉంటే 12 సున్నాలు, స్థానం 51, ఎక్స్‌పోనెంట్ -1023. ఈ బిల్టిన్‌కి సున్నా ఇస్తే జవాబుకి నిర్వచనం లేదు, కాబట్టి సున్నా పరీక్ష దీనికంటే ముందే ఉండాలి. సి23 ఉన్న కంపైలర్ అయితే స్టడ్‌బిట్ హెడర్‌లో ఇదే పనికి ప్రామాణిక ఫంక్షన్ దొరుకుతుంది.

ఇంకో పద్ధతి కూడా వాడుకలో ఉంది. సబ్‌నార్మల్‌ని 2^64 తో గుణించి నార్మల్ చేసి, ఎక్స్‌పోనెంట్ తీసి, అందులోంచి 64 తగ్గించడం. మసల్‌లో ఫ్రెక్స్‌ప్ చేసేది అదే. మామూలుగా ఏ ఇబ్బందీ లేదు. కానీ జీసీసీలో ఫాస్ట్ మ్యాత్ ఫ్లాగుతో లింక్ చేస్తే ఎక్స్86 మీద ప్రోగ్రాం మొదట్లోనే ప్రాసెసర్‌ని సబ్‌నార్మల్స్‌ని సున్నాగా చూసే స్థితిలో పెట్టేస్తారు. అప్పుడు గుణకారం ఫలితం సున్నా, పద్ధతి మొదటికే మోసం. పూర్ణాంకాలతో చేసే సీఎల్‌జెడ్ దారికి ఆ బెడద లేదు. అదే ఫ్లాగు ఇంకో పని కూడా చేస్తుంది: నాన్‌లు రావని కంపైలర్‌కి మాటిస్తుంది, దాంతో ఈజ్‌నాన్ పరీక్షని మొత్తంగా చెరిపెయ్యొచ్చు. ఫీల్డు 2047 అవునా కాదా అని పూర్ణాంకంగా చూసే పరీక్ష మాత్రం చెక్కుచెదరదు.

మొదటి ప్రశ్నకి మళ్లీ వద్దాం, ఏ ఎక్స్‌పోనెంట్ అన్నదానికి. లక్షల సంఖ్యలు ఏ స్థాయిల్లో పరుచుకుని ఉన్నాయో హిస్టోగ్రాం గీయాలి అనుకోండి. బయాస్ తియ్యనే తియ్యకండి. ఫీల్డు 0 నుంచి 2047 దాకా ఉంటుంది, 2048 గదుల అర్రేకి అదే సూచిక. రుణ సూచికల గొడవ లేదు, సున్నాలూ సబ్‌నార్మల్సూ మొదటి గదిలో, అనంతాలూ నాన్‌లూ చివరి గదిలో వాటంతటవే పడతాయి. ఇంకో పని, ఒక సంఖ్యకీ దాని పక్క సంఖ్యకీ మధ్య దూరం, యూఎల్‌పీ అంటామే, అది కావాలి. ఎక్స్‌పోనెంట్‌లోంచి 52 తీసి 2 కి ఘాతం వేస్తే వస్తుంది. ఇక్కడ ఐలాగ్‌బి ఇచ్చే "నిజమైన" ఎక్స్‌పోనెంట్ వాడితే దెబ్బ తింటారు. 2^-1074 కి అది -1074 ఇస్తుంది, 52 తీస్తే -1126, ఎల్‌డీఎక్స్‌ప్‌తో ఘాతం వేస్తే సున్నా. దూరం సున్నా అని చెప్పి దాంతో భాగించారో, అయిపోయింది. సబ్‌నార్మల్స్ మధ్య దూరం ఎప్పుడూ 2^-1074 యే. కాబట్టి యూఎల్‌పీకి ఎక్స్‌పోనెంట్‌ని -1022 దగ్గర ఆపాలి. ఒకే సంఖ్య, ఒక పనికి -1074, ఇంకో పనికి -1022, మరో పనికి 0. మూడూ సరైనవే.

ఫీల్డుని చదవడంతో ఆగక నేరుగా మార్చేవాళ్లూ ఉన్నారు. ఫీల్డుకి 1 కలిపితే రెండింతలవుతుందని. నార్మల్స్ మధ్యలో అవుతుంది. కానీ 1.5 × 2^1023 కి చేసి చూడండి, ఫీల్డు 2046 కాస్తా 2047 అవుతుంది, ఫ్రాక్షన్ సున్నా కాదు కాబట్టి ఫలితం అనంతం కూడా కాదు, నాన్. 0.0 కి చేస్తే 2^-1022 పుట్టుకొస్తుంది. ఎల్‌డీఎక్స్‌ప్, స్కాల్‌బీఎన్ అనే లైబ్రరీ ఫంక్షన్లు ఉన్నది ఈ అంచులు చూసుకోవడానికే.

యంత్రాల సంగతి. ఆర్డువీనో ఊనో మీద ఏవీఆర్ జీసీసీలో డబుల్ అంటే మామూలుగా 4 బైట్లే, ఫ్లోట్ లాంటిదే. అక్కడ 8 బైట్లు మెమ్‌కాపీ చేస్తే పక్క మెమరీ కూడా చదివేస్తారు. ఫైలు మొదట్లోనే డబుల్ సైజు 8 అనీ, డీబీఎల్ మ్యాంట్ డిగ్ (దాగి ఉన్న 1 తో కలిపి ఫ్రాక్షన్ బిట్ల లెక్క) 53 అనీ స్టాటిక్ అసర్ట్ పెట్టండి, ఆ బోర్డు మీద కంపైలే కాదు, అదే మంచిది. కార్టెక్స్ ఎం4 లో హార్డ్‌వేర్ ఫ్లోట్‌కే ఉంది, డబుల్‌కి లేదు. ఫ్లోట్ చేతిలో పెట్టుకుని ఫ్రెక్స్‌ప్ పిలిస్తే అది డబుల్‌గా మారి అంతా సాఫ్ట్‌వేర్‌లో నడుస్తుంది, చివర ఎఫ్ ఉన్న ఫ్రెక్స్‌ప్ఎఫ్ పిలవండి. లాంగ్ డబుల్ అయితే బిట్ల దారి మానెయ్యండి. ఎక్స్86 లైనక్స్‌లో అది 80 బిట్లది, అందులో ముందున్న 1 దాగి ఉండదు, బయటికే రాస్తారు. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌లో అది డబులే, ఆర్మ్ 64 లైనక్స్‌లో 128 బిట్లు. ఐలాగ్‌బీఎల్ పిలిచి ఊరుకోవడం తెలివైన పని. మెషీన్ లెర్నింగ్‌లో వాడే బీఫ్లోట్16 మాత్రం సుళువు, ఫ్లోట్‌లోని పై 16 బిట్లే కాబట్టి 7 స్థానాలు జరిపి 255తో యాండ్, బయాస్ 127.

రాసింది సరిగ్గా ఉందో లేదో చూడటం ఫ్లోట్‌కి చాలా తేలిక. మొత్తం 4,294,967,296 బిట్ నమూనాలే, అన్నిటినీ తిప్పి ఐలాగ్‌బీఎఫ్‌తో పోల్చెయ్యండి. మామూలు ల్యాప్‌టాప్ మీద కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. డబుల్‌కి అన్నీ తిప్పలేం. 1 నుంచి 2046 దాకా ఒక్కో ఫీల్డుకీ ఫ్రాక్షన్ సున్నా, ఒకటి, అన్నీ ఒకట్లు, ఈ మూడూ రెండు గుర్తులతో పెడితే 12,276 సంఖ్యలు. వాటికి సబ్‌నార్మల్స్‌లో ఒక్క బిట్టే వెలిగిన 52 సంఖ్యలు కలపండి, రెండు సున్నాలు, రెండు అనంతాలు, గుర్తు ఉన్నదీ లేనిదీ రెండు నాన్‌లు కలపండి. ఇవన్నీ దాటిన కోడు నాకు చూపిస్తే నేను ఇంకేం అడగను.

ప్రశ్నలుంటే అడగండి.

(సభికుల ప్రశ్న: లైబ్రరీ ఐలాగ్‌బి ఉండగా బిట్లతో రాసుకుంటే నిజంగా వేగం పెరుగుతుందా?)

ఒకటి రెండు సంఖ్యలకైతే ఆ ఆలోచనే వద్దు, లైబ్రరీ పిలవండి. పెద్ద అర్రే మీద లూపు అయితే తేడా ఉంటుంది. ఐలాగ్‌బి చాలాచోట్ల నిజమైన ఫంక్షన్ కాల్, అది లోపలుంటే లూపుని వెక్టరైజ్ చెయ్యడం, అంటే ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌తో చాలా సంఖ్యల పని చేయించడం, కంపైలర్ వల్ల కాదు. షిఫ్టు, యాండ్, తీసివేత మాత్రమే ఉంటే చేస్తుంది. అయితే ఆ మూడింటి పక్కన సబ్‌నార్మల్ కోసం ఇఫ్ పెడితే వెక్టరైజేషన్‌కి మళ్లీ అడ్డం రావచ్చు. నేనైతే లూపులో ఉత్త ఫీల్డు తీసి పెట్టుకుని, 0 గానీ 2047 గానీ కనిపించిన వాటిని రెండో విడతలో విడిగా చూస్తాను. ఏవీఎక్స్-512 ఉన్న ప్రాసెసర్ అయితే వీగెట్‌ఎక్స్‌ప్ అని నేరుగా ఇన్‌స్ట్రక్షనే ఉంది, అది ఎక్స్‌పోనెంట్‌ని ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యగా ఇస్తుంది.

(సభికుల ప్రశ్న: 2 ఆధారంగా కాకుండా 10 ఆధారంగా ఎక్స్‌పోనెంట్ కావాలంటే? లాగ్10 తీసి ఫ్లోర్ చెయ్యొచ్చా?)

లాగ్2 కి చెప్పిన జబ్బే దీనికీ ఉంది. 1000 కి సరిగ్గా కిందనున్న డబుల్ లాగ్10 గుండ్రమై 3 అవుతుంది, కావాల్సింది 2. 10 ఆధారానికి బిట్లలో చదివే ఫీల్డంటూ ఏదీ లేదు, దశాంశ అంకెలు నిజంగా తయారు చేస్తేగానీ తెలియదు. వేగం పెద్దగా అక్కర్లేని చోట ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్‌తో %e ఫార్మాట్‌లో, చుక్క తర్వాత 16 అంకెలు అడిగి రాయించండి. అంకెలు తగ్గించకండి, చుక్క తర్వాత సున్నా అంకెలు అడిగితే 9.6 గుండ్రమై 10 అయిపోయి ఎక్స్‌పోనెంట్ 1 అని వస్తుంది. అనంతం, నాన్ ముందే వడగట్టండి, వాటి స్ట్రింగులో ఎక్స్‌పోనెంటే ఉండదు. ఆ తర్వాత స్ట్రింగులో e అక్షరం ఎక్కడుందో వెతికి, దాని పక్కనుంచి స్ట్రింగ్-టు-లాంగ్ ఫంక్షన్‌తో చదవండి. ఫలానా స్థానంలో ఉంటుందని లెక్కగట్టి చదవొద్దు. రుణ సంఖ్యకి ముందు మైనస్ వచ్చి అన్నీ ఒక స్థానం జరుగుతాయి, కొన్ని లొకేల్స్‌లో చుక్క బదులు కామా వస్తుంది. ఎక్స్‌పోనెంట్‌లో కనీసం రెండు అంకెలు, అవసరమైతే మూడు. విజువల్ స్టూడియో 2015 కి ముందున్న మైక్రోసాఫ్ట్ రన్‌టైమ్ అయితే అవసరం లేకపోయినా మూడు అంకెలు రాసేది.